'పర్మినెంటు': ఒక మాట, కొన్ని ప్రశ్నలు

ఇంగ్లీషు నుంచి వచ్చి తెలుగులో కుదురుకున్న మాటలు వందల్లో ఉన్నాయి. వాటిలో చాలాభాగం వస్తువుల వెంట వచ్చాయి. రైలు వచ్చింది, ఆ మాటా వచ్చింది. టిక్కెట్టు వచ్చింది, ఆ పేరూ వచ్చింది. మనకి లేని వస్తువుకి మన దగ్గర పేరు లేకపోవడంలో వింత లేదు. 'పర్మినెంటు' అనే మాట సంగతి అలా చెప్పడానికి వీల్లేదు. ఎల్లకాలం నిలిచేది అనే భావం మనకి ఇంగ్లీషువాళ్ళు నేర్పింది కాదు. శాశ్వతం, స్థిరం, నిత్యం అని సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలున్నాయి. ఖాయం అని ఉర్దూ ద్వారా వచ్చిన మాట ఉంది. గుడ్డకీ చెప్పుకీ మన్నిక ఉంది. పచ్చడికీ మిరపకాయకీ నిలవ ఉంది. మనిషి బుద్ధికి నిలకడ ఉంది.

ఇన్ని ఉండగా, గుంటూరుని ఆనుకుని ఉన్న మా నల్లపాడులో అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా "మావాడికి ఉద్యోగం అయితే వచ్చింది గానీ ఇంకా పర్మినెంటు కాలేదయ్యా" అంటుంది. "శాశ్వతం కాలేదు" అనదు. ఎందుకనదు? ఇంగ్లీషు మోజు అని కొట్టిపారేసే పండితులున్నారు. ఆమెకి ఇంగ్లీషు మోజు ఎక్కడి నుంచి వస్తుంది? ఒక భాషలో నాలుగైదు మాటలు సిద్ధంగా ఉన్నా జనం వాటిని పక్కకు పెట్టి పరాయి మాటను పట్టుకున్నారంటే, ఉన్న మాటలు చెప్పలేని సంగతి ఏదో వాళ్ళ బతుకులోకి వచ్చిందనుకోవాలి. అది ఏమిటో చూద్దాం.

మొదట మన మాటల్నే పరిశీలిద్దాం. 'శాశ్వతం' అనే మాట వాడుకలో ఎక్కువగా ఎవరి దగ్గర ఉంది? పురాణం చెప్పేవాడి దగ్గర, సంతాప తీర్మానం రాసేవాడి దగ్గర. ఆత్మ శాశ్వతం, కీర్తి శాశ్వతం, చివరికి నిద్ర కూడా శాశ్వతం. బతికున్న మనిషిని పట్టుకుని "వాడు శాశ్వతమయ్యాడు" అంటే వినేవాడు కంగారు పడతాడు. "వాడు పర్మినెంటయ్యాడు" అంటే మిఠాయి అడుగుతాడు. తేడా అక్కడుంది. శాశ్వతం దానంతట అది ఉండేది. దాన్ని ఎవరూ చెయ్యనక్కర్లేదు. పర్మినెంటు ఒకరు చెయ్యాల్సింది. దానికి ఒక కాగితం కావాలి, కాగితం మీద ఒక సంతకం కావాలి, సంతకం పెట్టేవాడు కావాలి, పెట్టించేవాడు కావాలి. అంచేత దాన్ని అడగవచ్చు, దానికోసం ధర్నా చెయ్యవచ్చు, కోర్టుకి వెళ్ళవచ్చు. శాశ్వతం కోసం ధర్నా చేసినవాడు లేడు.

ఇంగ్లీషు మాట పుట్టుక చూసినా అర్థం చాలా సాదా. లాటిన్‌లో 'మనేరే' అంటే ఉండడం, ఆగడం. 'పెర్' అంటే చివరిదాకా. చివరిదాకా ఉండిపోయేది పర్మినెంటు. పెద్ద ఇంటిని ఇంగ్లీషులో 'మాన్షన్' అంటారే, అదీ ఆ ధాతువులో పుట్టిందే. అంటే మనిషి ఉండే చోటు. ఇందులో వేదాంతం లేదు. ఉండనిస్తారా, వెళ్ళగొడతారా అన్న ప్రశ్న ఒక్కటే ఉంది.

ఐతే పాలించేవాళ్ళకి కూడా ఎల్లకాలం నిలిచేదాని అవసరం పూర్వం నుంచీ ఉంది. రాజులు భూమి దానం చేసినప్పుడు 'ఆచంద్రార్కం' అని రాతిమీద చెక్కించారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం అని. మన గుంటూరు, ప్రకాశం సీమల్లో గుళ్ళ దగ్గర ఇటువంటి శాసనాలు కొల్లలుగా కనిపిస్తాయి. చాలా శాసనాల చివర ఒక శాపం కూడా ఉంటుంది. ఆ దానాన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని. ఆలోచిస్తే, నిజంగా సూర్యచంద్రులు ఉన్నంతకాలం నిలిచేదానికి శాపం కాపలా ఎందుకు? నిలవదన్న భయం రాయించినవాడికి ఉంది. దానం పొందినవాడి పేరు, పొలం హద్దులు శాసనంలో ఉంటాయి. ఆ పొలం దున్నినవాడి పేరు సాధారణంగా ఉండదు. అతను మారిపోయినా దానానికి లోటు లేదన్నమాట.

ఇంగ్లీషువాళ్ళు వచ్చాక ఆచంద్రార్కానికి రెవెన్యూ రూపం వచ్చింది. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. 1802లో మద్రాసు ప్రభుత్వం 25వ రెగ్యులేషన్ చేసి జమీందార్లకి 'సన్నదు-ఇ-మిల్కియత్-ఇ-ఇస్తిమ్రార్' అనే పత్రాలిచ్చింది. ఇస్తిమ్రార్ అంటే ఎడతెగకుండా సాగేది. ఇంగ్లీషులో దానిపేరు పర్మినెంట్ సెటిల్‌మెంటు. ఇందులో పర్మినెంటు అయింది ఏమిటి? జమీందారు కంపెనీకి కట్టాల్సిన పేష్కషు. పంట పండినా ఎండినా ఆ అంకె మారదు. జమీందారీ మాత్రం పర్మినెంటు కాదు. బకాయి పడితే వేలానికి వెళుతుంది. కింద ఉన్న రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. పై అంకె కదలదు కనక కింది అంకె ఎప్పుడూ కదులుతూ ఉండాల్సి వచ్చింది.

ఫలితం మన జిల్లా చరిత్రలోనే ఉంది. అమరావతిని కట్టించుకున్న వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1816లో పోయాడు. దత్తపుత్రుల మధ్య వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచింది. 1832-33లో నందన కరువు వచ్చి గుంటూరు జిల్లా జనంలో మూడోవంతుకు తక్కువ కాకుండా తుడిచిపెట్టుకు పోయారని చెబుతారు. శిస్తు కట్టడానికి రైతు లేడు. 1840ల్లో ఇక్కడి పెద్ద జమీందారీలు బకాయిల కింద సర్కారు చేతిలోకి పోయాయి. అంటే మన ప్రాంతంలో పర్మినెంట్ సెటిల్‌మెంటు ఆయుర్దాయం యాభై ఏళ్ళు కూడా లేదు. మిగతాచోట్ల 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా సాగింది. చట్టంలో ఒక మాట రాసినంత మాత్రాన అది నిలవదనీ, ఆ మాట కింద మోసేవాడు ఉన్నంతకాలమే నిలుస్తుందనీ నందన కరువు చెప్పింది.

ఇదే మాట రెండోసారి మన దగ్గరికి రైలు కట్టమీద వచ్చింది. నల్లపాడు జంక్షను. గుంటూరు నుంచి వచ్చే లైను ఇక్కడ చీలి, ఒకటి సత్తెనపల్లి మీదుగా నడికూడి వైపు, రెండోది నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా నంద్యాల వైపు పోతాయి. రైల్వే భాషలో పట్టాలు, స్లీపర్లు, కింద పరిచిన కంకర అన్నీ కలిపి 'పర్మినెంట్ వే' అంటారు. వాటిని చూసుకునే ఉద్యోగి చాలాకాలం పాటు పర్మినెంట్ వే ఇనస్పెక్టరు. జనం నోట పీడబ్ల్యూఐ. ఆ పేరెందుకు వచ్చింది? ఇంగ్లండులో రైళ్ళు మొదలైన రోజుల్లో కాంట్రాక్టర్లు మట్టీ రాయీ మోయడానికి ముందు తేలికపాటి పట్టాలు వేసుకునేవాళ్ళు. అది టెంపరరీ దారి. కట్ట పూర్తయ్యాక వేసేది పర్మినెంటు దారి. పని జరిగేటప్పటిది ఒకటి, పని అయ్యాక మిగిలేది ఒకటి.

ఇప్పుడు ఆ పర్మినెంటు దారిలో మారకుండా ఉండేది ఏమిటో చూడండి. పట్టాలు అరుగుతాయి, మారుస్తారు. చెక్క స్లీపర్లు పోయి ఇనపవి వచ్చాయి, అవీ పోయి కాంక్రీటువి వచ్చాయి. మా లైన్ల గేజే మారింది. మీటరు గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది. ఇక్కడి నేల నల్లరేగడి. ఎండకి నెర్రెలిచ్చుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. దానిమీద వేసిన కట్ట కుంగుతుంది. అందుకని గ్యాంగుమన్లు కంకర ఎగదోసి కూరాలి. కీమన్ రోజూ తన బీటు పొడుగునా నడిచి ఊడిన తాళాలు బిగించాలి. మండుటెండలో పట్టా సాగుతుందని ఒక కాపలా, వానాకాలంలో కట్ట తెగుతుందని రాత్రి కాపలా. ఈ నడక కొన్నాళ్ళు ఆపితే పర్మినెంట్ వే మీద బండి నడవదు. అంటే మారనిది కనక దానికి ఆ పేరు రాలేదు. పాడైనదాన్ని పాడైనట్టు బాగుచేసే బాధ్యత ఒకరు తీసుకున్నారు కనక అది పర్మినెంటు. మన ఇళ్ళలో నిలవ పచ్చడి కూడా అంతే. జాడీలో పెట్టేస్తే నిలవదు. ఉప్పూ నూనే చూసుకుంటూ, తడి చెయ్యి తగలనివ్వకుండా, తిరగేస్తూ ఉంటే ఏడాది ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పట్టాకి ఇచ్చిన ఈ హామీని దాన్ని మోసుకొచ్చి వేసినవాడికి ఇవ్వలేదు. పర్మినెంటు దారి వేసినవాళ్ళలో, బాగుచేసినవాళ్ళలో వేలమంది క్యాజువల్ కూలీలు. నడిచే లైనుమీద వరసగా 120 రోజులు పనిచేసిన క్యాజువల్ కూలీకి రైల్వే నిబంధనల్లో ఒక హోదా ఉండేది. దాని పేరు 'టెంపరరీ స్టేటస్'. టెంపరరీ కావడమే ప్రమోషను! ప్రాజెక్టు పనుల్లో ఉన్నవాళ్ళకి అదీ లేదు. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మె గురించి రాసేవాళ్ళు బోనసు గురించీ, ఇంజను డ్రైవర్ల పని గంటల గురించీ రాస్తారు. క్యాజువల్ కూలీలందర్నీ ఉద్యోగంలో ఖాయం చెయ్యాలన్న కోరిక కూడా ఆ డిమాండ్లలో ఉంది. ఆ సమ్మెను ప్రభుత్వం అణచివేసింది. 1985లో సుప్రీంకోర్టు ఇందర్‌పాల్ యాదవ్ కేసులో తీర్పు చెప్పాకనే, ప్రాజెక్టుల్లో 360 రోజులు వరసగా చేసినవాళ్ళని దశలవారీగా తీసుకునే పథకం అమల్లోకి వచ్చింది.

ఈ తేడాను పరిశ్రమల చట్టం ఒక వర్గీకరణగా రాసి పెట్టింది. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద తయారైన నమూనా నిబంధనల్లో పనివాళ్ళు ఆరు రకాలు. పర్మినెంటు, ప్రొబేషనరు, బదిలీ, టెంపరరీ, క్యాజువల్, అప్రెంటిసు. ఒకే షెడ్డులో ఒకే మరదగ్గర నిలబడ్డ ఇద్దరిలో ఒకడు పర్మినెంటు, రెండోవాడు బదిలీ. నూలుమిల్లు నూలుకి ఆ తేడా తెలియదు. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం మరో అడుగు వేసింది. ఏ పనిలో కాంట్రాక్టు పద్ధతి రద్దు చెయ్యాలో తేల్చడానికి అది పెట్టిన గీటురాళ్ళలో ఒకటి, ఆ పని 'పెరెన్నియల్' స్వభావం గలదా అని. ఏడాది పొడుగునా సాగేది అని ఆ మాటకి అర్థం. ఇంగ్లీషులో జీవనదికి వాడేదీ ఆ మాటే. చట్టం తర్కం సరైందే: పని జీవనది అయితే పనివాడు వానచినుకు కాకూడదు. కాని 2001లో ఉక్కు సంస్థ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతి రద్దయినంత మాత్రాన కూలీలు దానంతటదే అసలు యజమాని ఉద్యోగులు అయిపోరని చెప్పింది. జీవనదికి గుర్తింపు వచ్చింది, అందులో ఈదేవాడికి రాలేదు.

ఏడాదిలో 240 రోజులు చేసినవాడికి కొన్ని రక్షణలుంటాయని పారిశ్రామిక వివాదాల చట్టం అన్నది. దాంతో 'బ్రేకు' అనే ఇంకో ఇంగ్లీషు మాట మన ఊళ్ళలోకి వచ్చింది. 240 నిండకముందే పేరు కొట్టేసి, నాలుగు రోజులు ఇంట్లో కూచోబెట్టి, మళ్ళీ కొత్తవాడిగా రాసుకోవడం. ఏళ్ళ తరబడి మనుషుల్ని ఇలా టెంపరరీగా ఉంచి పర్మినెంటు హక్కులు ఎగ్గొట్టడాన్ని 1982 సవరణ అన్యాయమైన ఆచరణల జాబితాలో చేర్చింది. చేర్చాల్సి వచ్చిందంటేనే అది ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది.

ప్రభుత్వమే యజమాని అయినచోట కూడా కథ వేరుగా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి 2వ నంబరు చట్టం దినకూలీ నియామకాల్ని నిషేధించింది. ఆ ఏడాది ఏప్రిల్ 22న వచ్చిన 212 జీవో, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళని రెగ్యులర్ చెయ్యడానికి వీలిచ్చింది. 'రెండొందల పన్నెండు' అనే అంకె ఒక తరం చిన్న ఉద్యోగుల ఇళ్ళలో దేవుడి పేరులా వినిపించింది. ఆ తేదీకి నాలుగు నెలలు తక్కువైనవాడి ఇంట్లో శాపంలా వినిపించింది. 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం, అడ్డదారి నియామకాల్ని ఖాయం చేస్తే బయట ఉన్న నిరుద్యోగికి అన్యాయం జరుగుతుందన్నది. ఆ వాదనలో న్యాయం లేదని అనలేం. ఐతే పోస్టులు భర్తీ చెయ్యకుండా పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఒకే మనిషి చేత అదే పని చేయించుకున్న యజమాని చేతికి అదే తీర్పు ఆయుధమైంది. 2024 డిసెంబరులో, కేంద్ర జలసంఘం కార్యాలయంలో ఊడ్చే పనీ తోటపనీ చేసినవాళ్ళ కేసులో సుప్రీంకోర్టు స్వయంగా ఈ దుర్వినియోగాన్ని ఎత్తిచూపి వాళ్ళని రెగ్యులర్ చెయ్యమన్నది.

ఈ మధ్యలో మాటే మారిపోతోంది. 2018లో అన్ని పరిశ్రమలకూ 'ఫిక్స్‌డ్ టర్మ్' ఉద్యోగాన్ని అనుమతించారు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని చట్టంలోకి తెచ్చింది, 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. గడువు ఉద్యోగికి పర్మినెంటువాడితో సమానమైన జీతం, ఏడాది చేస్తే గ్రాట్యుటీ ఉంటాయని అందులో ఉంది. అది మంచిదే. పోయింది ఏమిటంటే, గడువు తీరినప్పుడు ఎందుకు తీసేశావని అడిగే చోటు. కీమన్ రాడు, పట్టా ఊడితే ఇంకో పట్టా వేసుకుంటారు.

పొలంలోకి వస్తే అక్కడ పర్మినెంటు అనే మాట వినబడనే వినబడదు. పత్తి, మిరప వేసేవాళ్ళలో కౌలురైతులు ఎందరో. వాళ్ళ కాలం కొలత పదకొండు నెలలు. ఏడాది దాటిన కౌలును రిజిస్టరు చెయ్యాలని 1908 నాటి చట్టం అంటే, పదకొండు నెలలకే కాగితం రాసుకోవడం అలవాటైంది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కూడా పదకొండు నెలల ఒప్పందం మీదే నడిచింది. పన్నెండో నెలలో ఆ రైతు ఎవరు? మిరపకోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాపాపలతో వచ్చే కూలీలున్నారు. వాళ్ళ ఆధార్ కార్డు మీద చిరునామా తాళం వేసిన ఇంటిది. ఫారాల్లో 'పర్మినెంటు అడ్రసు' అనే గడి ఉంటుంది. మనిషికి అన్నం పుట్టే చోటు టెంపరరీ అయితే, అన్నం పుట్టని చోటు పర్మినెంటు. ఆ గడిని ఎవరైనా నింపేటప్పుడు చూడండి, ఈ మాట చరిత్రంతా అందులో కనిపిస్తుంది.

ఇక్కడ మనవాళ్ళలోనే ఒక ఆక్షేపణ వస్తుంది. ప్రపంచంలో అన్నీ మారుతాయి, మార్పు ఒక్కటే మారనిది అని చెప్పే మనం, పర్మినెంటు కావాలని అడగడం ఏమిటి? అది చిన్న ఉద్యోగి భద్రత పిచ్చి కాదా? ఈ ప్రశ్నకి పట్టాల దగ్గరే జవాబు ఉంది. కార్మికుడు కాలాన్ని ఆగమని అడగడం లేదు. తనకి జబ్బు చేస్తే, ముసలితనం వస్తే, మర మారి కొత్త పని నేర్చుకోవాల్సి వస్తే ఆ భారం ఎవరిదో ముందే తేల్చమంటున్నాడు. ఇనపపట్టా అరిగితే ఖర్చు రైల్వేది. వెన్ను అరిగితే ఖర్చు ఎవరిది? పర్మినెంటు అనే మాటతో మన జనం అడిగిన ప్రశ్న ఇదొక్కటే. ఆత్మ శాశ్వతమా కాదా అని అడిగే తీరిక వాళ్ళకి లేదు. మార్పు నియమాన్ని ఈనాడు ఎక్కువగా వల్లిస్తున్నది యజమానులే. మార్పు ఖర్చును మాత్రం పనివాడి పద్దులో రాస్తున్నారు.

సాహిత్యంలో కూడా ఈ మాటకి ఒక నీడ ఉంది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదలైనప్పటి నుంచీ మనమీద ఉన్న ఆరోపణ ఒకటే: మీరు రాసేది తాత్కాలికం, మేము రాసేది శాశ్వతం అని. శాశ్వత విలువలు అనే మాటను విమర్శకులు సన్నదులా చూపిస్తారు. 'కన్యాశుల్కం' ఒక కాలపు దురాచారం మీద, సంస్కరణ కోసం రాసిన నాటకం. 1897లో అచ్చయింది, గురజాడ దాన్ని తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశాడు. ఆ దురాచారం రూపు మాసింది, నాటకం ఉంది. 1922లో అచ్చయిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. అది మన గుంటూరు సీమ పల్లె, ఆనాటి కూలి తగాదా. నిషేధించినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు, పుస్తకం చదువుతున్నాం. ఇవి ఎల్లకాలపు సత్యాలు రాద్దామని కూచుని రాసినవి కావు. ప్రతి తరం వాటిని చేతిలోకి తీసుకుని, తన తగాదాకి పనికొస్తాయో లేదో చూసుకుని, పనికొచ్చిన చోట బిగించుకుని వాడుకుంటోంది. పుస్తకానికి కూడా కీమన్ కావాలి. ఆ పని చేసేవాడు పాఠకుడు, విమర్శకుడు.

అంచేత ఈ మాట ఎక్కడ కనబడ్డా మనం అడగాల్సినవి రెండు. ఇందులో పర్మినెంటు అయింది ఏది? దాన్ని పర్మినెంటుగా ఉంచడానికి రోజూ పనిచేస్తున్నది ఎవరు? 1802 సన్నదులో ఈ రెండిటికీ జవాబులు వేరు వేరు. రైలు కట్టమీదా వేరు వేరే. మున్సిపాలిటీలో తెల్లారకముందే వీధి ఊడ్చే మనిషి దగ్గర కూడా ఇవాళ్టికీ చాలాచోట్ల వేరుగానే ఉన్నాయి. వీధి పర్మినెంటు, చెత్త పర్మినెంటు, చీపురు పట్టిన చెయ్యి మాత్రం కాంట్రాక్టు. ఆ రెండు జవాబులూ ఒకటయ్యేదాకా ఆ ముసలమ్మ మాటను మార్చమనే హక్కు ఏ పండితుడికీ లేదు.